అపార్ట్‌మెంట్ మిద్దె మీద వెలిసిపోయిన జెండాను దించవచ్చా?

గత ఆగస్టు 15న మీ అపార్ట్‌మెంట్ మిద్దె మీద కట్టిన జాతీయ జెండా రంగు వెలిసి, అంచు పీలికలై ఇప్పటికీ అక్కడే ఉన్నదని రాశారు. దాన్ని దించుదామని నివాసుల వాట్సాప్ గ్రూపులో మీరు ప్రస్తావించగానే "జెండా దించమనేవాళ్లకు దేశం మీద ప్రేమ ఉందా" అని ఇద్దరు ముగ్గురు మండిపడ్డారనీ, ఆ వేడిలోనే ఒకరు బాల్కనీల్లో జెండా పెట్టని ఫ్లాట్ల నంబర్లను జాబితాగా పెట్టారనీ కూడా రాశారు. జెండా దించడం అగౌరవమా, అసలు జెండా పెట్టకపోవడం తప్పా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

మొదటి ప్రశ్నకు జవాబు: ఆ జెండాను ఈ రోజే దించండి. పాడైన, నలిగి చిందరవందరగా ఉన్న జెండాను ప్రదర్శించకూడదని భారత పతాక నియమావళి స్పష్టంగా చెబుతోంది కాబట్టి, ఇప్పుడు నియమం తప్పుతున్నది దించుదామన్న మీరు కాదు. రెండో ప్రశ్నకు జవాబు: సొంత ఇంటి మీద జెండా ఎగరవేయడం పౌరుని హక్కు, కానీ ఎగరవేసి తీరాలని నిర్బంధించే చట్టం ఏదీ లేదు. ఆ ఫ్లాట్ల జాబితాను పెట్టినవారు మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉండవచ్చు గాని, దానికి చట్టంలో ఆధారం లేదు.

నేను ఉమ్మడి వరంగల్ జిల్లాలోని జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. బడిలో జెండా పని ఎప్పుడూ పీఈటీ నెత్తినే పడుతుంది. ముఖ్య అతిథి తాడు కొస లాగి చప్పట్లు అందుకుంటాడు. ముందురోజు సాయంత్రం జెండా గద్దెకు సున్నం వేయించడం, కప్పీకి నూనె పెట్టడం, కాషాయం పైకి వచ్చిందో లేదో రెండుసార్లు చూసుకోవడం, జారుముడి వేయడం, మళ్లీ పొద్దుగూకేలోగా దించి మడిచి బీరువాలో పెట్టడం మా వంతు. కాబట్టి కింద రాసేదంతా తాడు పట్టుకున్నవాడి అనుభవం అనుకుని చదవండి.

ముందుగా దించడం గురించి చెబుతాను, ఎందుకంటే జనంలో ఉన్న అపోహల్లో చాలావరకు ఇక్కడే పుట్టాయి. 'జెండా దించడం' అన్న మాటకు మన వాడుకలో ఓటమి అర్థం ఉంది. అందుకని దించుదామంటే చాలామంది మనసు చివుక్కుమంటుంది. కానీ నియమావళి దృష్టిలో దించడం కూడా ఎగరవేయడమంతటి మర్యాద గల పని. ఎగరవేసేటప్పుడు చురుగ్గా ఎగరవేయాలి, దించేటప్పుడు నెమ్మదిగా, లాంఛనంగా దించాలి అని అందులో ప్రత్యేకంగా రాసి ఉంది. 2022 జులై వరకు ఆరుబయట ఎగిరే జెండాను సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే ఉంచడం నియమంగా ఉండేది. ఆ నెలలో చేసిన సవరణ వల్ల ఇప్పుడు ఆరుబయటా, పౌరుల ఇళ్ల మీదా పగలూ రాత్రీ ఉంచవచ్చు. దీన్ని మనవాళ్లు 'ఒకసారి కడితే ఇక చూడనక్కరలేదు' అని అర్థం చేసుకున్నారు. సవరణ సడలించింది సమయాన్ని మాత్రమే. పాడైన జెండాను ఉంచకూడదన్న నియమం చెక్కుచెదరలేదు.

ఇంకొక సవరణ కూడా మీ సమస్యకు కొంత కారణం. 2021 డిసెంబరు 30 వరకు జాతీయ జెండా అంటే చేత్తో వడికి, చేత్తో నేసిన ఉన్ని, నూలు, పట్టు ఖాదీ గుడ్డ మాత్రమే. ఆ రోజున పాలిస్టర్‌నూ, యంత్రం మీద చేసిన జెండాలనూ అనుమతించారు. దీని మీద హుబ్బళ్లిలో ఖాదీ జెండాలు తయారుచేసే సంస్థవారు నిరసన తెలిపారు, వారి బాధలో న్యాయం ఉంది. అయితే మరుసటి ఏడు ఇంటింటా జెండా కట్టాలన్న 'హర్ ఘర్ తిరంగా' ప్రచారంలో తపాలా కార్యాలయాల్లో 25 రూపాయలకే జెండా దొరికిందంటే ఈ సవరణ వల్లనే. బడిలో ఖాదీ జెండా ఉన్న రోజుల్లో దాన్ని నేను ఏడెనిమిదేళ్లు వాడాను, అది కూడా ఏటా రెండు మూడు రోజులే ఎగిరేది. తేలికపాటి పాలిస్టర్ జెండాను మిద్దె మీద రేయింబవళ్లు వదిలేస్తే ఆషాఢం గాలికి కర్రకు దూరంగా ఉండే కొస నెల తిరక్కుండా విచ్చుకోవడం మొదలవుతుంది. అది గుడ్డ స్వభావం. మీ జెండా ఇంతకాలం నిలవడమే ఆశ్చర్యం.

పెద్ద జెండాల సంగతీ ఇంతే. 2016 జూన్ 2న హైదరాబాదు సంజీవయ్య పార్కులో 291 అడుగుల స్తంభం మీద భారీ జెండాను ఆవిష్కరించారు. హుస్సేన్ సాగర్ గాలికి అది పదేపదే చిరగడం, దించి మరొకటి కట్టడం నగరవాసులందరూ చూశారు. ప్రభుత్వమే దించి మార్చుతున్నప్పుడు మీ అపార్ట్‌మెంట్ కమిటీ మార్చితే తప్పెలా అవుతుందని గ్రూపులో అడగండి. నా అనుభవంలో చట్టం సెక్షన్ల కన్నా ఈ ఉదాహరణ త్వరగా పనిచేస్తుంది.

దించిన జెండాను ఏం చేయాలి అన్నది మీరు అడగలేదు గాని, రేపు అదే గొడవవుతుంది. పాడైన జెండాను ముక్కలు చేయకుండా, మొత్తంగా, ఏకాంతంగా నాశనం చేయాలి. దహనం చేయడం మేలు, లేదా జెండా గౌరవానికి తగిన మరొక పద్ధతి పాటించవచ్చు. ఇక్కడ 'ఏకాంతంగా' అన్న మాటను గట్టిగా పట్టుకోండి. 1971 నాటి జాతీయ గౌరవ చిహ్నాల అవమాన నిరోధక చట్టంలోని రెండో సెక్షన్ బహిరంగ ప్రదేశంలో గానీ, జనానికి కనిపించే చోట గానీ జెండాను కాల్చడం, చింపడం, తొక్కడం వంటి పనులను నేరంగా పేర్కొంది. మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీరు ఎంత భక్తితో దహనం చేసినా, సెల్లార్‌లో నలుగురి ముందు చేసి, దాన్ని వీడియో తీసి గ్రూపులో పెట్టారనుకోండి, ఆ వీడియో మీ వివరణ లేకుండా ఊరంతా తిరుగుతుంది. ఇద్దరు పెద్దలు కలిసి, ఫోన్లు పక్కన పెట్టి, తలుపు వేసుకుని చేయవలసిన పని అది. పాలిస్టర్ గుడ్డ ఖాదీలాగా కాలి బూడిద కాదు. కరిగి ముద్దయి, నల్లటి పొగ వదులుతుంది, అది చూడడానికే బాగుండదు. అందుకని మా అపార్ట్‌మెంట్‌లో పాలిస్టర్ జెండాలను మడిచి, చిన్న చెక్కపెట్టెలో పెట్టి, పెరట్లో లోతుగా పూడ్చిపెడుతున్నాం. ఇది గౌరవానికి తగిన మరొక పద్ధతి కిందికి వస్తుందని నా అభిప్రాయం.

ఇక రెండో ప్రశ్న. దీనికి కొంత చరిత్ర చెప్పాలి, ఎందుకంటే జెండా పట్ల మనవాళ్ల వైఖరి నా కళ్లముందే రెండుసార్లు మారింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జెండా అంటే సర్కారుది. ఊళ్లో బడి మీద, పంచాయతీ ఆఫీసు మీద ఉండేది. ఆగస్టు 15ను పల్లెల్లో 'జెండా పండుగ' అనేవారు. సుతిలి తాడుకు మైదా జిగురుతో కాగితం జెండాలు అంటించి ఆ చెట్టు నుంచి ఈ చెట్టుకు కట్టేవాళ్లం. సొంత ఇంటి మీద కట్టాలన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. వచ్చినా, జాతీయ పండుగల వంటి కొన్ని రోజుల్లో తప్ప సామాన్యులకు అనుమతి ఉండేది కాదు. ఒక పారిశ్రామికవేత్త, నవీన్ జిందాల్, మధ్యప్రదేశ్‌లోని (ఇప్పటి ఛత్తీస్‌గఢ్) రాయగఢ్‌లో తన కర్మాగారం మీద రోజూ జెండా ఎగరవేస్తుంటే అధికారులు అడ్డుకోవడంతో ఆయన కోర్టుకెక్కారు. 2002 జనవరి 26 నుంచి అమలైన కొత్త నియమావళి ప్రజలకు అన్ని రోజులూ జెండా ఎగరవేసే వీలు ఇచ్చింది. 2004 జనవరిలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, గౌరవంగా, మర్యాదగా జెండా ఎగరవేయడం రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం కింద భావప్రకటన స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పింది.

ఈ తీర్పును మీ గ్రూపులో మండిపడినవారూ సంతోషంగా ఒప్పుకుంటారు. దానిలోని తర్కాన్ని చివరిదాకా తీసుకువెళ్తే మాత్రం వారి జాబితా నిలవదు. జెండా ఎగరవేయడం భావప్రకటన అయినప్పుడు, ఎప్పుడు ప్రకటించాలో, అసలు ప్రకటించాలో వద్దో నిర్ణయించుకునేది ఆ ఇంటివారే. 51ఎ అధికరణం జాతీయ జెండానూ జాతీయ గీతాన్నీ గౌరవించడం ప్రాథమిక విధి అని చెప్పిన మాట నిజమే. గౌరవించడమూ ఇంటి మీద కట్టుకోవడమూ ఒకటి కాదు. కట్టనివాడు అగౌరవపరిచినట్టు అయితే, మన ఊళ్లలో ఏడాదికి 362 రోజులు అందరమూ నేరస్థులమే.

రెండో మార్పు 2022లో, 'హర్ ఘర్ తిరంగా'తో వచ్చింది. అంతవరకు 'కట్టవచ్చు' అన్నది 'కట్టాలి కదా' అయింది. ఇంటింటా మూడు రంగులు కనిపించడం నాకూ ఆనందాన్నిచ్చింది, నేనూ కట్టాను. అయితే ఆ ఏడాది ఆగస్టు 16 తర్వాత మా వీధిలో చూసినదాన్ని ఇక్కడ చెప్పకపోతే సమాధానం అసంపూర్ణమవుతుంది. కట్టడానికి ఉన్న ఉత్సాహం దించడానికి లేదు. ఒక జెండా కేబుల్ తీగకు చిక్కుకుని దసరా వరకు వేలాడింది. రెండు కాలువలో దొరికాయి. ఒక ఇంటివారు దాన్ని స్కూటర్ మీద కప్పడానికి వాడుతుంటే వెళ్లి చెప్పవలసి వచ్చింది. పాపం, వారికి తెలియదు, చెప్పగానే నొచ్చుకుని తీసేశారు. మా వీధికి వచ్చిన కట్టలో అశోక చక్రం తెల్లటి పట్టీ మధ్యలో కాకుండా పక్కకు జరిగిన జెండాలు కూడా నాలుగైదు కనిపించాయి.

ఉమ్మడి వరంగల్ వాడిని కాబట్టి మరొక మాట కూడా చెప్పాలి. మా ప్రాంతంలో ఈ జెండా జ్ఞాపకం వేరు. దేశమంతా 1947 ఆగస్టు 15న జెండా ఎగరవేసుకుంటే, నిజాం రాజ్యంలో అది నేరం. హైదరాబాదులో ఆ రోజు జెండా ఎగరవేసిన స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను అరెస్టు చేశారు. సెప్టెంబరు 2న పరకాలలో జెండా ఎగరవేయడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన జనం మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఇప్పుడక్కడ అమరధామం ఉంది, చూడనివారు ఒకసారి వెళ్లి చూడండి.

నేను మొదట పనిచేసిన ఊళ్లో ఆ కాలపు పెద్దాయన ఒకరు ఉండేవారు. తమ ఇంట్లో వడ్ల గరిసెలో అడుగున జెండా దాచిన సంగతి చిన్నప్పుడు చూశానని చెప్పేవారు. ప్రతి జెండా పండుగకూ చెప్పులు గేటు దగ్గరే విడిచి, వరుస చివర నిలబడి, జాతీయ గీతం అయిపోగానే మిఠాయి పంచేలోగా వెళ్లిపోయేవారు. ముఖ్య అతిథిగా రమ్మంటే రాలేదు. 2002 తర్వాత "ఇప్పుడు ఇంటి మీద కూడా కట్టుకోవచ్చు కదా తాతా" అని నేనే అడిగాను. "కడితే పొద్దుమీకి ఎవరు దించాలె బిడ్డా, నా మోకాళ్లు మిద్దె ఎక్కనియ్యవు" అన్నారు. మీ గ్రూపులో జాబితా రాసినవారి లెక్క ప్రకారం ఆయన ఇల్లు కూడా జెండా లేని ఇళ్ల కిందికే వచ్చేది.

బయటికి కనిపించే గుర్తులతో మనుషులను కొలవడంలో ఉన్న ప్రమాదం నాకు తెలిసివచ్చింది ఇంకొక సంఘటనలో. మా బడిలో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ప్రార్థనలో జనగణమన పాడేవాడు కాదు. అటెన్షన్‌లో నిలబడేవాడు, పెదవులు కదిపేవాడు కాదు. వాళ్ల కుటుంబం ఒక చిన్న క్రైస్తవ శాఖకు చెందినది, దేవుని ప్రార్థన తప్ప మరే గీతమూ పాడకూడదని వారి నమ్మకం. ఊళ్లో కొందరు టీసీ ఇచ్చి పంపేయమన్నారు. నిజం చెప్పాలంటే, మొదట నాకూ కోపం వచ్చింది, రెండు రోజులు వాణ్ని వరుస బయట నిలబెట్టాను. అప్పుడు మా ప్రధానోపాధ్యాయుడు 1986 నాటి సుప్రీంకోర్టు తీర్పు గురించి చెప్పారు. కేరళలో సరిగ్గా ఇలాంటి కారణంతోనే ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేస్తే, మర్యాదగా లేచి నిలబడినవారు పాడకపోవడం అగౌరవం కాదని, వారిని తిరిగి చేర్చుకోవాలని కోర్టు ఆదేశించింది. ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో ఉన్న జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి మన తెలుగువారే. మరుసటి రోజు కుర్రవాణ్ని వరుసలోకి పిలిచాను. ఆ ఏడాది జిల్లా ఖోఖో పోటీల్లో మా జట్టుకు వాడే నాయకుడు.

నిర్బంధం గురించి కోర్టులు కూడా తడబడి సర్దుకున్న సందర్భం ఉంది. 2016 నవంబరు 30న సినిమాకు ముందు జాతీయ గీతం తప్పనిసరి అని సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఆ నెలల్లో హనుమకొండలో సినిమాకు వెళితే, గీతం అయిపోయేదాకా పాప్‌కార్న్ పట్టుకుని తలుపు బయట కాచుకుని ఉండేవాళ్లు కనిపించేవారు. లోపల నిలబడినవాళ్లలో సగంమంది చూపు తెర మీద కాక, పక్కవాడు లేచాడా లేదా అన్నదాని మీద ఉండేది. 2018 జనవరి 9న అదే కోర్టు ఆ ఉత్తర్వును సవరించి, ప్రదర్శించడం థియేటర్ల ఇష్టమని చెప్పింది. ప్రదర్శిస్తే లేచి నిలబడి గౌరవించాలన్నది అలాగే ఉంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ మా పక్కనే జమ్మికుంటలో ఉంది. 2017 ఆగస్టు 15న పోలీసుల చొరవతో పట్టణంలో రోజూ ఉదయం ఎనిమిది ప్రాంతంలో మైకుల్లో జాతీయ గీతం వినిపించడం మొదలుపెట్టారు. అక్కడికి బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు నేను రెండుసార్లు చూశాను. బండ్లు ఆగాయి, చాయ్ హోటల్లో కుర్చీల్లో ఉన్నవారు లేచారు, ఒక ముసలమ్మ మాత్రం కూరగాయల గంపతో తన దారిన తాను నడిచి వెళ్లింది, ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఎవరు ఆగారో, ఎవరు ఆగలేదో అక్కడ ఎవరూ రాసుకోవడం నాకు కనిపించలేదు. రోజూ గీతం వినిపించడం అవసరమా అన్నదాని మీద భేదాభిప్రాయాలు ఉండవచ్చు గాని, నేను చూసిన రెండు ఉదయాలూ నాకు నచ్చాయి.

ఇప్పుడు ఆచరణ. గ్రూపులో వాదన పెంచకండి. "జెండా పాడైంది, నియమావళి ప్రకారం మార్చాలి, ఫలానా రోజు ఉదయం మార్చుతున్నాం, వచ్చేవారు రండి" అని కమిటీ పేరుతో ఒక్క ప్రకటన పెట్టండి. దించడం, కొత్తది ఎగరవేయడం ఒకే రోజు జరిగితే సగం కోపాలు అక్కడే చల్లారుతాయి. పాతదాన్ని దించేటప్పుడు నేలకు తగలకుండా చూసుకోండి, నీళ్లలో పడకూడదు. కాషాయాన్నీ ఆకుపచ్చనూ తెల్లటి పట్టీ కిందికి మడిచి, చక్రం పైకి కనిపించేలా మళ్లీ మడిచి, రెండు అరచేతుల మీద కిందికి తీసుకురండి. మిమ్మల్ని గట్టిగా విమర్శించిన వారినే తాడు పట్టుకోమని పిలవండి. మా అపార్ట్‌మెంట్‌లో నేను అదే చేశాను. ఆయన ఇప్పుడు జెండా బాధ్యుడు, నాకన్నా కచ్చితంగా ఉంటాడు.

మిద్దె మీద జెండా రోజూ ఉండాలని నివాసులు కోరుకుంటే, ఎవరు వారానికోసారి చూస్తారో, ఏటా ఎన్ని జెండాలకు డబ్బు కేటాయిస్తారో ముందే రాసుకోవాలి. మేము మూడు నెలలకొకటి చొప్పున నాలుగు కొంటున్నాం. అంత ఓపిక లేకపోతే జాతీయ పండుగలకు మాత్రమే ఎగరవేసి సాయంత్రం దించుకోవడం మంచిది, అందులో చిన్నతనమేమీ లేదు. అదే కర్రకు మరే జెండా, అది పండుగదైనా పార్టీదైనా, కట్టకూడదు. జెండా మీద అపార్ట్‌మెంట్ పేరు రాయించకూడదు. ఆవిష్కరించేటప్పుడు రాలేలా లోపల పూలరేకులు పెట్టుకోవచ్చు, దానికి అభ్యంతరం లేదు. పిల్లలకు పంచడానికి ప్లాస్టిక్ జెండాలు కొనకండి, 2022 జులై 1 నుంచి నిషేధించిన ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో అవి కూడా ఉన్నాయి. కాగితం జెండాలు పంచితే మాత్రం మరునాడు ఉదయం ఒక సంచి పట్టుకుని మెట్లూ పార్కింగూ తిరిగి ఏరించండి. మా దగ్గర ఆ పని పిల్లలే చేస్తారు, ఎక్కువ ఏరినవారికి ఒక చాక్లెట్ ఎక్కువ.

కొత్త జెండా కొనేటప్పుడు దుకాణంలోనే విప్పి చూడండి. పొడవు మూడు పాళ్లు, ఎత్తు రెండు పాళ్లు ఉండాలి. చక్రం ముదురు నీలంలో తెల్లటి పట్టీకి సరిగ్గా మధ్యలో, రెండు వైపులా కనిపించాలి. చక్రంలోని ఆకులు లెక్కపెట్టండి, 24 ఉండాలి. పోయిన ఏడు మేము తెచ్చినవాటిలో ఒకదానికి 22 ఉంటే దుకాణదారు మారుమాట్లాడకుండా మార్చి ఇచ్చాడు.